వాడరేవు ఇసుక నేలల్లో ఐరిస్ : పెరటి తోటకు ఏది తగును, ఎక్కడ నుండి తెచ్చుకోవాలి?

బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతాల నుండి పిల్లలు ఉద్యోగరీత్యా అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు అనేకం. వేసవిలో వారి వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులు న్యూజెర్సీ, మిషిగన్ వంటి చలి రాష్ట్రాల ఇళ్ళ ముందు మే నెలాఖరు నుండి జూన్ వరకు ఒక పువ్వును చూస్తారు. సన్నని, నిటారైన ఆకుల దుబ్బు మధ్య నుండి మొలలోతు కాడ లేచి, దానిపై నీలం, ఊదా, తెలుపు రంగుల పూలు సీతాకోకచిలుకల వలె వాలి ఉంటాయి. అది సైబీరియన్ ఐరిస్. తిరిగి వచ్చిన తరువాత దానిని తమ పెరట్లో పెంచాలన్న కోరిక కలగడం సహజమే. కొందరు అంతర్జాలంలో ‘నీలి ఐరిస్ విత్తనాలు’ అన్న పొట్లాలు కొంటారు. కొందరు పెట్టెలో నాలుగు కొమ్ములు పెట్టుకుని రావచ్చునా అని అడుగుతారు.

ఇటువంటి ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తకు ఎదురైనప్పుడు ‘ఇక్కడ పెరగదు’ అని ఒక్క మాటతో ముగించడం సరికాదు. ఎందుకు పెరగదో చెప్పగలగాలి. ఆ కోరికకు దగ్గరగా ఉండి, మన నేలలో నిలిచే మొక్కను చూపగలగాలి. దానిని ఎక్కడ, ఏ జాగ్రత్తలతో సేకరించాలో వివరించగలగాలి. ఈ మూడు అంశాలను వాడరేవు తీరాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసంలో చర్చించడమైనది.

సైబీరియన్ ఐరిస్ - పుట్టుక, వర్గీకరణ

ఐరిస్ అనగా గ్రీకు భాషలో ఇంద్రధనుస్సు. లిన్నేయస్ 1753లో ఐరిస్ సిబిరికా అని నామకరణం చేసిన జాతి మధ్య, తూర్పు ఐరోపా నుండి పశ్చిమ సైబీరియా వరకు తేమగల పచ్చికబయళ్ళలో సహజంగా పెరుగుతుంది. దీనికి దగ్గరి బంధువైన ఐరిస్ సాంగ్వినియా తూర్పు సైబీరియా, చైనా, కొరియా, జపాన్ దేశాలది. నేడు తోటలలో సైబీరియన్ ఐరిస్ పేరుతో ఉన్న రకాలలో అత్యధికం ఈ రెండు జాతుల సంకరాలు. వీటి క్రోమోసోముల సంఖ్య 28. ఇదే శ్రేణిలో 40 క్రోమోసోములు గల మరొక వర్గం ఉన్నది. ఐరిస్ క్రైసోగ్రాఫిస్, ఐరిస్ ఫారెస్టీ, ఐరిస్ డెలవాయి మొదలైనవి ఆ వర్గానివి.

విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం ఒకటి ఉన్నది. ఈ రెండవ వర్గంలోని ఐరిస్ క్లార్కీ మన దేశపు మొక్కయే. సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాల నుండి నేపాల్, భూటాన్ వరకు తూర్పు హిమాలయాలలో, రెండు వేల మీటర్లకు పైబడిన చెమ్మ వాలులలో పెరుగుతుంది. వృక్షశాస్త్రవేత్త చార్లెస్ బారన్ క్లార్క్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చినది. కాబట్టి ‘ఐరిస్ మన దేశంలో పెరగదు’ అనడం శాస్త్రీయంగా తప్పు. కశ్మీరులో శ్మశాన వాటికలపై సైతం ఐరిస్‌ను నాటే ఆచారం తరతరాలుగా ఉన్నది. అడ్డువచ్చేది మన తీరపు వాతావరణం మాత్రమే.

ప్రసిద్ధ రకాలు

కెనడాకు చెందిన క్లీవ్‌లాండ్ మోర్గన్ రూపొందించిన ‘సీజర్స్ బ్రదర్’ ముదురు ఊదా రంగులో పూస్తుంది. 1930లలో వచ్చిన ఈ రకం నేటికీ విరివిగా సాగులో ఉన్నది. ఫ్రెడ్ కాసెబీర్ రూపొందించిన ‘వైట్ స్విర్ల్’ అనే తెల్లని రకం, రేకులు వెడల్పుగా, అడ్డంగా విచ్చుకునే కొత్త ఆకృతికి మూలమై అనేక సంకరాలకు తల్లి అయినది. అమెరికా వైద్యుడు కరియర్ మెక్‌యువెన్ రూపొందించిన ‘బటర్ అండ్ షుగర్’లో పై రేకులు తెలుపు, కింది రేకులు పసుపు.

మెక్‌యువెన్ వృత్తిరీత్యా కీళ్ళవ్యాధి నిపుణుడు. కీళ్ళవాతానికి వాడే కాల్చిసిన్ అనే ఔషధాన్నే ఐరిస్ మొలకలపై ప్రయోగించి క్రోమోసోముల సంఖ్యను రెట్టింపు చేసి చతుస్థితిక రకాలను సృష్టించాడు. అదే కాల్చిసిన్ మన తీరపు ఇసుక నేలల కంచెలలో పెరిగే అగ్నిశిఖ దుంపలలో, గింజలలో కూడా లభిస్తుంది. కొలతకు మించి లోనికి పోతే ప్రాణాంతకమైన ఆ పదార్థం ఉద్యానశాస్త్రంలో ప్రజననానికి సాధనమైనది.

ఈ రకాలన్నీ శాఖీయంగా, అనగా దుబ్బును చీల్చి నాటడం ద్వారా మాత్రమే వృద్ధి చేయబడతాయి. విత్తనం నుండి వచ్చిన మొక్క తల్లిని పోలదు. అందువలన ‘సీజర్స్ బ్రదర్ విత్తనం’ అని ఎవరైనా అమ్మితే, పొట్లంలోని గింజ ఏదైనప్పటికీ అది ఆ రకం కాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామంది డబ్బు నష్టపోకుండా ఉంటారు.

వాడరేవులో ఎందుకు పూయదు?

ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి. వాటిని విడివిడిగా పరిశీలించాలి.

మొదటిది శీతాకాలపు చలి. సైబీరియన్ ఐరిస్ శరదృతువు చివర ఆకులు ఎండి నిద్రావస్థకు పోతుంది. సున్నా డిగ్రీలకు అటు ఇటుగా ఉండే చలిలో వారాల తరబడి గడిపిన తరువాతనే వసంతంలో సక్రమంగా పూకాడలు వేస్తుంది. విత్తనం మొలవడానికి సైతం రెండు మూడు నెలల తడి చలి అవసరం. వాడరేవు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొద్దిగా దిగువన, సముద్రపు అంచున ఉన్నది. జనవరిలో కూడా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 17 నుండి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. మొక్కకు ‘శీతాకాలం గడిచినది’ అన్న సంకేతమే అందదు.

రెండవది రాత్రి వేడి. పగటి ఎండకు నీడవల కట్టి రక్షణ కల్పించవచ్చు. కానీ మే, జూన్ నెలలలో తీరంలో రాత్రులు కూడా 27, 28 డిగ్రీల వద్ద నిలుస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే మొక్క శ్వాసక్రియ వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది విద్యార్థులకు తెలిసిన సూత్రమే. చల్లని రాత్రులకు అలవాటుపడిన మొక్క పగలు తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని రాత్రి శ్వాసకే ఖర్చు పెడుతుంది. కొమ్ములో నిల్వ చేరదు. తొలి ఏడాది ఆకులు పచ్చగా కనిపించినా, రెండవ ఏడాదికి దుబ్బు సన్నగిల్లి చనిపోవడానికి ఇదే ప్రధాన కారణం.

‘కొమ్ములను ఫ్రిజ్‌లో ఉంచి నాటితే పూయదా?’ అని కొందరు అడుగుతారు. తులిప్ వంటి గడ్డలలో తగినంత ఆహారం ముందుగానే నిల్వ ఉంటుంది. కాబట్టి చలిలో ఉంచి ఒక్కసారి పూయించి ఆ గడ్డను పారవేయవచ్చు. సైబీరియన్ ఐరిస్ కొమ్ము సన్ననిది, నిల్వ తక్కువ, వేళ్ళు ఆరిపోతే తట్టుకోలేదు. ఆ పద్ధతి దీనికి నప్పదు.

మూడవది నేల, నీరు. ఈ మొక్క సేంద్రియ పదార్థం గల, కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న, ఎప్పుడూ చెమ్మగా ఉండే నేలను కోరుతుంది. వాడరేవు నుండి సూర్యలంక వరకు తీరపు ఇసుక అందుకు పూర్తిగా విరుద్ధం. ఇసుక నేల మీటరు లోతుకు సుమారు 50 నుండి 60 మి.మీ. నీటిని మాత్రమే మొక్కకు అందేలా పట్టి ఉంచుతుంది. వేర్లు వ్యాపించే 30 సెం.మీ. పొరలో అది 15 నుండి 18 మి.మీ. మాత్రమే. వేసవిలో రోజుకు 6 మి.మీ. ఖర్చవుతుందని లెక్కవేసినా మూడు రోజులలో ఆ నీరు పూర్తిగా అయిపోతుంది.

దొరువు నీటి లెక్క

ఇక్కడ మొక్క విషయం నీటి విషయంగా మారుతుంది. తీరపు ఇసుక కింద వర్షపు నీరు ఇంకి, బరువైన ఉప్పునీటిపై తేలుతూ పలుచని తీపినీటి పొరగా ఉంటుంది. మన పెద్దలు ఆ పొర అందేంత లోతు వరకు ఏటవాలుగా తవ్వుకున్న గుంటలే దొరువులు. కుండలతో ముంచి మొక్క మొక్కకూ నీరు పోసి కూరగాయలు, పూలు, నారుమళ్ళు పెంచిన పద్ధతి ఇది. తోడిన మేరకే నీరు ఊరుతుంది కనుక అడుగున ఉన్న ఉప్పునీరు కదలదు. బలమైన మోటారుతో ఒకేచోట లోతుగా తోడితే ఉప్పునీరు పైకి ఉబికి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన నీరు మళ్ళీ తీపి కావడానికి వర్షాల కోసం ఎదురుచూడవలసినదే.

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా పథకం ఈ దొరువునే మెరుగుపరచినది. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలను జల్లెడ వల చుట్టి పరచి, పైపొర తీపినీటిని మాత్రమే ఒక తొట్టి బావిలోకి చేర్చి, అక్కడ నుండి తోడుకునే విధానాన్ని రూపొందించినది. విస్తరణ రంగంలో ఉన్నవారికి ఇది సుపరిచితమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. చదరపు మీటరుకు 1 మి.మీ. నీరు అనగా 1 లీటరు. 10 చదరపు మీటర్ల ఐరిస్ మడికి రోజుకు 6 మి.మీ. చొప్పున 60 లీటర్లు, మార్చి నుండి మే వరకు 90 రోజులకు 5,400 లీటర్లు కావాలి. ఇసుకలో కిందికి జారిపోయే నీరు దీనికి అదనం. దొరువు అట్టడుగుకు చేరే నెలలలోనే, ఎన్నటికీ పూయని మొక్క కోసం ఈ నీటిని ఖర్చు చేయడమన్నమాట. అదే నీటితో ఒక ఇంటి వంకాయ, బెండ, గోంగూర మడులు వేసవి దాటించవచ్చు. అందుచేత ‘ఇష్టమైతే ప్రయత్నించి చూడండి’ అనే సలహా తీరప్రాంతంలో నిర్దోషమైన సలహా కాదు.

మలబారు తీరం చూపిన దారి

అయితే ఐరిస్ ప్రజాతిలోనే ఉష్ణతీరానికి అలవాటుపడిన మొక్క ఒకటి ఉన్నది. దాని ప్రస్తుత శాస్త్రీయ నామం ఐరిస్ డొమెస్టికా. పాత పుస్తకాలలో బెలంకాండా చైనెన్సిస్ అని కనిపిస్తుంది. ఆ ‘బెలంకాండా’ అన్న మాట దక్షిణ భారతానిదే. కొచ్చిన్‌లో డచ్చి పాలకుడుగా ఉన్న వాన్ రీడే స్థానిక వైద్యుల సహకారంతో మలబారు మొక్కలను చిత్రాలతో నమోదు చేయించిన ‘హోర్టస్ మలబారికస్’ గ్రంథం 1678 - 1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడినది. అందులో మలయాళ నామంతో నమోదైన ఈ మొక్కకు తరువాతి వృక్షశాస్త్రవేత్తలు ఆ పేరునే ప్రజాతి నామంగా స్వీకరించారు. డి.ఎన్.ఎ. ఆధారిత అధ్యయనాలు ఇది ఐరిస్ సమూహంలోపలే ఉన్నదని తేల్చిన తరువాత, 2005లో దీనిని ఐరిస్ ప్రజాతిలోకి మార్చారు.

ఇందులో మన ప్రశ్నకు జవాబు ఉన్నది. మూడు వందల ఏళ్ళకు పూర్వమే మలబారు తీరపు తోటలలో పెరిగిన మొక్కకు మంచు అవసరం లేదు. కాబట్టి వాడరేవు పెరట్లో ‘నిజమైన ఐరిస్’ కావాలనుకునే వారికి మొదట సూచించదగినది ఇదే.

ఆకులు కత్తుల వలె చదునుగా ఉండి, తాటాకు విసనకర్ర విప్పినట్లు ఒకే తలంలో అమరి ఉంటాయి. కాడ 60 నుండి 90 సెం.మీ. ఎత్తు పెరిగి కొమ్మలు వేస్తుంది. పువ్వు నారింజ రంగులో, ఎర్రని చుక్కలతో ఉంటుంది. ఒక్కొక్క పువ్వు ఒక్కరోజే నిలుస్తుంది, వాడినప్పుడు తడిగుడ్డను పిండినట్లు మెలి తిరుగుతుంది. కాడపై మొగ్గలు ఎక్కువ కనుక పూత కొన్ని వారాలు సాగుతుంది. కాయ పగిలినప్పుడు నల్లని, నిగనిగలాడే గింజలు గుత్తిగా నిలిచి, ఎండు పూల అలంకరణకు కూడా పనికివస్తాయి. నీలి రంగు ఇందులో లేదని కోరినవారికి ముందే చెప్పాలి.

సాగు విధానం

ప్రవర్ధనం : గింజల ద్వారాను, దుబ్బు చీల్చి పిలకల ద్వారాను చేయవచ్చు. కొత్త గింజలను 24 గంటలు నీటిలో నానబెట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపిన మిశ్రమంలో 1 సెం.మీ. లోతున విత్తాలి. మొలక ఒకేసారి రాదు. కొన్ని వారాల పాటు విడతలుగా వస్తుంది కనుక తొందరపడి కుండీని తిరగబోయరాదు. జూన్ - జూలై లేదా వర్షాలు తెరపి ఇచ్చిన సెప్టెంబరు మాసం విత్తడానికి అనువైనవి.

నేల తయారీ : ఇసుక నేలలో చదరపు మీటరుకు 5 కిలోల చొప్పున మాగిన పశువుల ఎరువు, దానితో పాటు కొంత చెరువు మట్టి కలిపితే నీటిని పట్టే శక్తి పెరుగుతుంది. మొక్కల మధ్య 25 నుండి 30 సెం.మీ. ఎడం ఉంచాలి. కొమ్ము పైభాగం నేల మట్టానికి సమంగా లేక అతి స్వల్పంగా కింద ఉండాలి. లోతుగా పాతితే కుళ్ళుతుంది.

స్థలం : ఉదయపు ఎండ, మధ్యాహ్నం తరువాత పలుచని నీడ శ్రేష్ఠం. ఇంటికి సముద్రం వైపున సరుగుడు లేదా ఇతర కంచె మొక్కల వరుస ఉంటే ఉప్పుగాలి ఉధృతి తగ్గుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అటువంటి గాలివాన తరువాత ఆకులపై చేరిన ఉప్పును మంచినీటితో కడిగివేయాలి. పెరట్లో నీరు నిలిచి ఉంటే వెంటనే కాలువ తీయాలి.

నీరు, ఎరువు : నాటిన తొలి నెల రోజు విడిచి రోజు, తరువాత వేసవిలో రెండు మూడు రోజులకు ఒకసారి సాయంకాలం నీరు పోయాలి. ఎండుటాకులు లేదా వేరుశనగ పొట్టుతో నేలను కప్పితే ఆవిరి నష్టం తగ్గుతుంది. కప్పు కొమ్మును తాకకుండా చూడాలి. నీటి విద్యుత్ వాహకతను ఏడాదిలో రెండుసార్లు, అనగా వర్షాల తరువాత ఒకసారి, మే నెలలో ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. ఇసుకలో నత్రజని త్వరగా జారిపోతుంది కనుక ఎరువును ఒకేసారి కాక కొద్దికొద్దిగా విడతలుగా వేయాలి.

సస్యరక్షణ : కొమ్ముకుళ్ళు ముఖ్య సమస్య. మురుగు సౌకర్యమే దీనికి ప్రధాన నివారణ. నాటే ముందు వేపపిండి, ట్రైకోడెర్మా విరిడి కలిపిన పశువుల ఎరువు వేయాలి. కుళ్ళిన దుబ్బును తీసి కాల్చివేయాలి. మూడేళ్ళకు ఒకసారి దుబ్బును చీల్చి కొత్తచోట నాటితే పూత తగ్గదు. ఐరిస్ జాతుల కొమ్ములు తింటే వాంతులు, నోటిమంట కలిగిస్తాయి. పిల్లలకు, మేకలకు అందకుండా ఉంచాలి.

ఇతర ప్రత్యామ్నాయాలు - నేలను బట్టి ఎంపిక

వాడరేవుకు చేసిన సిఫారసు తెనాలికి యథాతథంగా వర్తించదు. ఈ మూడు ప్రాంతాల మధ్య దూరం తక్కువే అయినా నేలలు వేరు.

తీరపు ఇసుక (వాడరేవు, సూర్యలంక) : బెలంకాండాతో పాటు క్రైనమ్ లిల్లీ, వాన లిల్లీ, స్పైడర్ లిల్లీ బాగా నిలుస్తాయి. సువాసన కోరేవారికి నేలసంపెంగ మేలు. ఇసుక నేలలలో వేరుబుడిపె నులిపురుగుల బెడద అధికం కనుక బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన, వాటిని తట్టుకునే ‘శృంగార్’ రకాన్ని ఎంచుకోవచ్చు. ఐరిస్ కుటుంబానికే చెందిన గ్లాడియోలస్‌ను అక్టోబరు - నవంబరులో నాటి, మూడు నెలల చల్లని కాలంలో ఒక పూత తీసుకోవచ్చు. దుంపలు మాత్రం శీతల గిడ్డంగిలో నిద్రావస్థ తీరినవై ఉండాలి.

డెల్టా నల్ల నేలలు (తెనాలి) : ఇక్కడ నీటి కొరత కంటే నీరు నిలవడమే సమస్య. బెలంకాండాను ఎత్తైన మడులపై మాత్రమే నాటాలి. కాలువ గట్టున, తొట్టి పక్కన తేమను ఇష్టపడే మెట్టతామర సులభంగా వస్తుంది. అమెరికా దక్షిణాన మిసిసిపి నది దిగువ చిత్తడి నేలలకు చెందిన లూసియానా ఐరిస్‌లు వేడిని, నిలవనీటిని రెండింటినీ తట్టుకునే స్వభావం గలవి. వీటిని ఇంటింటికీ సిఫారసు చేయడానికి ముందు పరిశోధనా క్షేత్రాలలో పరీక్షించాలి.

రేపల్లె, నిజాంపట్నం చౌడు నేలలు : నేలలో కాక పెద్ద కుండీలలో, తెచ్చిన మట్టిలో పెంచడమే క్షేమం. కుండీ అడుగు నేలను తాకకుండా ఇటుకలపై నిలపాలి.

నీడ గల వరండా : బ్రెజిల్ మూలానికి చెందిన నియోమారికా ఇక్కడ తగినది. దీని పువ్వు తెలుపు, నీలం కలిసి చూపరులకు ఐరిస్ అనే భ్రమ కలిగిస్తుంది. పూకాడ చివర పిల్లమొక్క పుట్టి, బరువుకు వంగి నేలను తాకి వేళ్ళూనుతుంది. నీలి రంగు తప్పనిసరి అనుకునే వారికి ఇది సమాధానం.

మొక్కల సేకరణ - జాగ్రత్తలు

కోస్తా ఆంధ్రలో అలంకరణ మొక్కలకు ప్రధాన కేంద్రం రాజమహేంద్రవరం సమీపంలోని కడియం, కడియపులంక నర్సరీలు. అక్కడ నుండి గాని, స్థానిక నర్సరీల నుండి గాని కొనేటప్పుడు పేరును కాక మొక్కను చూసి కొనాలి. కత్తివంటి ఆకులు గల ప్రతి మొక్కను ఐరిస్ అని పిలవడం పరిపాటి. పువ్వు ఉన్నప్పుడు ఈ క్రింది గుర్తులతో తేల్చవచ్చు.

* కేసరాలు మూడు, ఆకులు విసనకర్ర వలె ఒకే తలంలో, అండాశయం పువ్వు కింద ఉంటే ఐరిస్ కుటుంబం.
* కేసరాలు ఆరు, నేలలో ఉల్లివంటి గడ్డ ఉంటే క్రైనమ్, స్పైడర్ లిల్లీ, వాన లిల్లీ వంటివి.
* ఆరు రేకులూ సమానంగా, నారింజ రంగుపై చుక్కలతో ఉంటే బెలంకాండా.
* లోపలి మూడు రేకులు చుట్టలుగా ముడుచుకుని, పూకాడ ఆకు వలె చదునుగా ఉంటే నియోమారికా.
* మూడు రేకులు కిందికి వాలి, మూడు నిటారుగా నిలిచి, కీలశాఖలు కూడా రేకుల వలె ఉంటే సైబీరియన్ ఐరిస్ వంటి శీతల జాతులు. ఇటువంటి పువ్వు బొమ్మ అతికించిన కుండీని మన నర్సరీలో చూస్తే కొనవద్దు.

కొనే ముందు ఆకుల అడుగుభాగం పరిశీలించడం తప్పనిసరి. కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, కొద్ది కాలంలోనే మన కోస్తా కొబ్బరి తోటలకు పాకింది. మెట్టతామర వంటి అలంకరణ మొక్కలను కూడా అది ఆశ్రయిస్తుంది. తెచ్చిన మొక్కలను రెండు వారాలు విడిగా ఉంచి, చీడలు లేవని నిర్ధారించుకున్న తరువాతనే పెరట్లోకి చేర్చాలి. ఒక కొబ్బరి చెట్టు ఉన్న ప్రతి ఇంటికీ ఈ నియమం వర్తిస్తుంది.

విదేశాల నుండి కొమ్ములు, విత్తనాలు తెచ్చుకునే విషయంలో చట్టం స్పష్టంగా ఉన్నది. మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, 2003 ప్రకారం నాటడానికి ఉద్దేశించిన మొక్కల భాగాలకు దిగుమతి అనుమతిపత్రం, ఎగుమతి దేశం జారీచేసిన ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. తల్లిదండ్రుల పెట్టెలో వచ్చినా, తపాలాలో వచ్చినా నియమం ఒక్కటే. కొమ్ముకు అంటుకున్న చిటికెడు మట్టిలో నులిపురుగులు, శిలీంధ్రాలు, కంటికి కనపడని గుడ్లు ఉండవచ్చు. ఇది ఒక ఇంటి పెరటితో ఆగే విషయం కాదని తెల్లదోమ అనుభవం చెబుతున్నది.

ప్రవాసంలో ఉన్నవారికి

ఐరిస్ కోరిక తీరే చోటు మరొకటి ఉన్నది. అది చూసిన చోటే. చలి రాష్ట్రాలలో నివసించే తెలుగు కుటుంబాలు ఆగస్టు చివర నుండి సెప్టెంబరులో సైబీరియన్ ఐరిస్ కొమ్ములను 3 నుండి 5 సెం.మీ. లోతున, 45 నుండి 60 సెం.మీ. ఎడంతో నాటి, వేళ్ళూనే వరకు తడి ఆరకుండా చూస్తే చాలు. మొదటి వసంతంలో పూత తక్కువ, మూడవ వసంతానికి దుబ్బు నిండుతుంది. తల్లిదండ్రులు వచ్చినప్పుడు తమ చేతితో అక్కడ నాటి, తిరిగి వచ్చి ఇక్కడ బెలంకాండా విత్తుకోవచ్చు. రెండూ ఒకే ప్రజాతి మొక్కలు.

విద్యార్థులకు ఒక పని

1945లో స్థాపించబడిన బాపట్ల వ్యవసాయ కళాశాల చుట్టూ 30 కిలోమీటర్ల పరిధిలోనే తీరపు ఇసుక, డెల్టా నల్లరేగడి, చౌడు నేల మూడూ ఉన్నాయి. ఇంత తక్కువ దూరంలో ఇంత భేదం ఉండడం విద్యార్థులకు గొప్ప అవకాశం. బెలంకాండాను ఈ మూడు నేలలలో ఒకే గింజల నుండి పెంచి, మొలక శాతం, తొలి పూతకు పట్టిన రోజులు, కాడకు పూల సంఖ్య, వేసవిలో పోసిన నీటి పరిమాణం నమోదు చేయడం అనుభవపూర్వక శిక్షణలో భాగంగా చేయదగిన పని. ఖర్చు స్వల్పం, ఫలితం నేరుగా పెరటి తోటలకు చేరుతుంది. శీతల జాతులపై ఆసక్తి గలవారు తీరంలో కాక, శీతాకాలపు రాత్రులు బాగా చల్లబడే చింతపల్లి, లంబసింగి వంటి మన్యప్రాంతపు ఎత్తులలో, ఐరిస్ క్లార్కీ వంటి స్వదేశీ జాతులతో ప్రారంభించడం సమంజసం.

ముగింపు

పెరటి తోట యజమాని ‘ఈ మొక్క ఇక్కడ పెరుగుతుందా?’ అని అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ముందుగా మూడు విషయాలు విచారించాలి. ఆ మొక్క పుట్టినచోట శీతాకాలం ఎంత చల్లన, వేసవి రాత్రి ఎంత వెచ్చన, దాని వేరు వద్ద నీరు ఎంతకాలం నిలుస్తుంది. ఈ మూడింటిని మన ఊరి లెక్కలతో పోల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. సైబీరియన్ ఐరిస్ విషయంలో ఆ జవాబు వాడరేవుకు అనుకూలం కాదు. కానీ ప్రశ్న అడిగిన వ్యక్తి వట్టిచేతులతో వెళ్ళనవసరం లేదు. ఒక చిన్న పొట్లంలో పది బెలంకాండా గింజలు, వాటిని విత్తే విధానం రాసిన కాగితం, దొరువు నీటిని పరీక్షకు తెచ్చి ఇమ్మన్న సూచన ఇచ్చి పంపగలిగితే ఆ పెరట్లో ఏడాది రెండేళ్ళలో ఐరిస్ పూస్తుంది, దొరువు నీరూ మిగులుతుంది.